"పూలూ లేవే": ఆ ఏకారం ఎక్కడిది?

టీకప్పు: కొన్నాళ్లుగా ఒక అనువాదం ముక్క బుర్ర తొలిచేస్తోంది. "కనుచూపు మేర పూలూ లేవే, ఎర్రాకులూ లేవే... రేవులో పాక, శరత్సంధ్య." మధ్యలో ఏదో మర్చిపోయాను. జపాన్ తేనీటి వేడుక సందర్భంలో చదివినట్టు గుర్తు. "లేవే"నా, "లేవు" అనా?

కొసరు: జపాన్ కవి తెయికాది. షిన్‌కొకిన్‌షూ అనే పాత పద్య సంకలనంలో ఉంది. మర్చిపోయిందేమీ లేదు, పద్యం అంతే. "మివతాసెబా హనా మో మొమిజి మో నకరికెరి, ఉరా నో తొమయా నో అకి నో యూగురె." "లేవు" చాలు. ఏకారం అనువాదకుడి కొసరు.

పాతబీరువా: చాలదండీ. "లేవు" అన్నది "నకరి" వరకే. మరి ఆ "కెరి"? అప్పటిదాకా పట్టని సంగతి ఉన్నట్టుండి తట్టినప్పుడు పడే ప్రత్యయం అది. "అరె, లేవే!" మన ఏకారం సరిగ్గా అక్కడ కూర్చుంటుంది.

కొసరు: ఆ సంకలనంలోనే పేరుపడ్డ శరత్సంధ్య పద్యాలు మూడూ చూడండి. జకురెన్, సైగ్యో, తెయికా ముగ్గురూ మూడో పాదాన్ని కెరితోనే ఆపారు. అప్పటి వాడుక అది. తెలుగులో "లేవే" అంటే ఏడుపు వినిపిస్తుంది. తెయికా ఏడవడం లేదు.

పాతబీరువా: ఏడుపు కాదు గానీ, వెలితి ఉంది. టీ గురువు జోఓ వాబికి, అంటే నిరాడంబరతలోని అందానికి, ఈ పద్యాన్నే చూపించాడని నాంపొరొకు (జోఓ శిష్యుడు రిక్యూ మాటలుగా చెప్పుకునే టీ పుస్తకం) చెప్పేది అందుకే. పూలూ ఆకులూ అంటే దైసు అనే స్టాండు మీద సామాను తీర్చి చేసే దర్బారు టీ. అదంతా తనివితీరా చూసినవాడికే పాక కనబడుతుందట. పూలే ఎరగనివాడు మొదట్నుంచీ పాకలో ఉండలేడు. ఎరిగినవాడే "లేవే" అంటాడు.

గంధంచెక్క: నాంపొరొకుని అంతగా నమ్మకండి మాస్టారూ. అది బయటికొచ్చింది 17వ శతాబ్దం చివర, తచిబనా జిత్సుజాన్ చేతుల మీదుగా. రిక్యూ పోయింది 1591లో. జోఓ నోట ఆ మాట పెట్టిందెవరో! అదలా ఉంచి, తెయికా చేత ఈ పద్యం రాయించింది సైగ్యో అని ఎవరూ అనరేం? 1186లో ఇసే గుడికి సమర్పించడానికి అడిగి రాయించిన శతకంలోది. తెయికాకి అప్పటికి పాతికేళ్లు. ఆ మూడింట్లో నా ఓటు సైగ్యోకే. "మనసు వదిలేసిన ఈ మేనికీ తెలిసొచ్చింది" అంటూ బురదమడుగులోంచి ఉల్లంకిపిట్టని లేపుతాడు చూడండి, దాని ముందు తెయికా పాక వట్టి బొమ్మ.

కొసరు: "తెలిసొచ్చింది"! చూశారా, అక్కడా కెరియే. మీరు ఏకారం పెట్టలేదు.

గంధంచెక్క: "వచ్చింది"లోనే ఉందిగా ఆ తట్టడం!

టీకప్పు: మరి రిక్యూ వేరే పద్యం చెప్పాడంటారు?

పాతబీరువా: ఇయెతకా అనే కవిది. అదీ నాంపొరొకులోదే. పూల కోసమే కాచుకున్నవాళ్లకి కొండపల్లె మంచు సందుల్లో మొలిచిన గడ్డిలో వసంతం చూపించాలని ఉంది, అని. జోఓ పద్యం పక్కన రిక్యూ చేర్చాడట.

కొసరు: మూలంలోని "మిసెబాయా"ని "చూపించాలని ఉంది" అనేశారా? "చూపగలిగితే ఎంత బాగుండు" అనాలి. ఆ "బాయా"లో ఆశ ఉంది, పట్టుదల లేదు.

పాతబీరువా: "బాయా" సంగతి వేరే పోస్టు పెట్టండి, అక్కడ తేల్చుకుందాం.