పంది మాంసం ధర చూసి తిండి ఖర్చు పెరిగిందని చెప్పొచ్చా?

లెక్కలపంతులు:
చైనాలో ధరల గురించి మాట్లాడేవాళ్ళు ముందు పంది మాంసం రేటే చూస్తారు. అది తప్పుదారి పట్టిస్తుందని నా వాదన. 2018 ఆగస్టులో అక్కడ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు బయటపడి మందలకు మందలు పోయాయి. 2019 నవంబరుకు పంది మాంసం ఏడాదిలో 110 శాతం పెరిగింది. మొత్తం ద్రవ్యోల్బణం 4.5 శాతమైతే, అందులో 2.64 ఆ ఒక్క మాంసం వల్లే. తిండి, ఇంధనం తీసేసి చూస్తే 1.4. పందులకొచ్చిన జబ్బును పట్టుకుని ధరలన్నీ మండుతున్నాయని ఎలా అంటాం?

గ్వాంగ్‌జౌ_రాము:
పంతులుగారూ, ఆ ఏడాది నేను అక్కడే ఉద్యోగం చేశాను. మా ఆఫీసు పక్క క్యాంటీన్‌లో సోయా సాస్‌లో ఎర్రగా ఉడికించిన పంది మాంసం, అన్నం ప్లేటు ఉండేది. ముందు ముక్కలు తగ్గాయి, వాటి బదులు బంగాళదుంపలు, గుడ్డు వేశారు. తర్వాత రేటు పెంచారు. పోనీ కోడి తిందామంటే అందరూ దాని మీదే పడ్డారు, అదీ పెరిగింది. గొడ్డు మాంసం, గుడ్లు కూడా రెండంకెల శాతంలో పెరిగాయని ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2021లో పంది ధర కుప్పకూలింది. ప్లేటు రేటు మాత్రం ఒక్క యువాన్ కూడా దిగలేదు.

చిట్టిముత్యాలు:
కార్తీకమాసంలో మన దగ్గర కోడి రేటు పడిపోతుంది. అంతమాత్రాన తిండి చవకైందనుకుంటామా?

మిర్చియార్డు:
రిటైల్ ధరా, హోల్‌సేలా? ముందు అది తేల్చండి. రిటైల్ ఆలస్యంగా కదులుతుంది. ముందే తెలియాలంటే బతికున్న పంది ధరకూ, దాని మేతైన మొక్కజొన్న ధరకూ ఉన్న నిష్పత్తి చూడాలి. పంది ధర మొక్కజొన్నకు ఆరు రెట్ల కంటే తగ్గితే రైతు నష్టపోయి ఆడపందుల్ని అమ్మేస్తాడు. మళ్ళీ ఆడపంది చూడి కట్టి, ఈని, ఆ పిల్ల అమ్మకానికి రావాలంటే దాదాపు పది నెలలు.

లెక్కలపంతులు:
నేననేదీ అదే. కొన్నాళ్ళకు దానంతటదే సర్దుకునే ధర అది. రాముగారి క్యాంటీన్ దేశమంతా కాదు.

గ్వాంగ్‌జౌ_రాము:
క్యాంటీన్ ఒక్కటే కాదండీ. 2019 సెప్టెంబరులో నన్నింగ్ నగరంలో తగ్గింపు ధర మాంసం మనిషికి రోజుకు కిలో మాత్రమే అని పరిమితి పెట్టారు. జాతీయ దినోత్సవం ముందు ప్రభుత్వం తన నిల్వల్లోంచి 10,000 టన్నులు వదిలింది. సర్దుకునేదైతే ఇదంతా ఎందుకు చేశారు? నా కోపం ఎక్కడో చెప్తా వినండి. జీతాలు పెంచమని అడిగితే మా మేనేజరు మీరు చెప్పిన ఆ 1.4 అంకే చూపించాడు. తిండి తీసేసిన అంకె! జీతంలో సగం తిండికే పోయే ప్యాకింగ్ కార్మికులకూ అదే చూపించాడు.

సముద్రఘోష:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి ప్లీజ్.

లెక్కలపంతులు:
నాకూ ఉంది కోపం. 2013లో మన దగ్గర ఉల్లి ధర ఆకాశానికంటింది. ఆ సెప్టెంబరు నుంచి 2014 జనవరి నెలాఖరుకల్లా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 7.25 నుంచి 8 శాతానికి తీసుకెళ్ళింది. నా ప్రింటింగ్ ప్రెస్ లోను వాయిదా పెరిగి, ఇద్దరు కుర్రాళ్ళను మానిపించాల్సి వచ్చింది. వడ్డీ పెంచితే ఉల్లి పండుతుందా? ఒక్క సరుకు చూసి ధరలు ధరలని గగ్గోలు పెడితే దెబ్బ తగిలేది మాలాంటి చిన్నవాళ్ళకే.

గ్వాంగ్‌జౌ_రాము:
చైనా వాళ్ళు 2019 నవంబరులో వడ్డీ రేటు కొంచెం తగ్గించారు కూడా. నేనూ పెంచమనలేదు. జీతం మాట్లాడేటప్పుడు తిండి కలిపిన అంకె పెట్టమంటున్నాను.

లెక్కలపంతులు:
వడ్డీకో అంకె, జీతానికో అంకె అంటే ఎవరికి అనుకూలమైంది వాళ్ళు పట్టుకుంటారు. ఒక్కటే ఉండాలి.

గ్వాంగ్‌జౌ_రాము:
మన దేశంలో ఒక్కటే ఉందా? వ్యవసాయ కూలీలకు ఒక ధరల సూచీ, పారిశ్రామిక కార్మికులకు ఇంకో సూచీ. కేంద్ర ఉద్యోగుల డీఏ ఆ రెండోదాన్ని బట్టే కడతారు. వడ్డీ కోసం రిజర్వ్ బ్యాంకు చూసేది మళ్ళీ వేరు. డీఏ తీసుకునేవాళ్ళకు లేని అభ్యంతరం ప్యాకింగ్ కార్మికుడి దగ్గరే ఎందుకొస్తుంది?