సమస్యాపూరణం: ఓడిపోవువాఁడె యోగశాలి

అడ్మిన్:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

ఓడిపోవువాఁడె యోగశాలి

యోగం, లక్కు, రాత, సుడి, ఏ పేరుతో పిలుచుకున్నా సరే, పూరణ అదృష్టం మీదే ఉండాలి. పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) వచ్చినా తప్పు పట్టను. యతి (పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ కుదరాల్సిన జత అక్షరం) తప్పితే మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు:

తాను పెంచినట్టి తనయుని చేతిలో
చదువులందు నాట సాములందు
శిష్యు చేత గురువు చేరి వాదమ్ములో
ఓడిపోవువాఁడె యోగశాలి

కొడుకు చేతిలో, శిష్యుడి చేతిలో ఓటమిని కోరుకోమని పెద్దలన్నదే తీసుకున్నాను.

అడ్మిన్:
గణాలు, యతులు సరిపోయాయి, నడక కూడా హాయిగా ఉంది. కానీ మూడో పాదంలో 'చేరి' ఏం చేస్తోందన్నా? 'శి'కి యతి కుదరడానికి తప్ప దానికి పని లేదు, దండుగ పదం. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఈ సమస్య చూడగానే ఎవరికైనా ముందు తట్టే భావం ఇదే. కొడుకు గెలిస్తే తండ్రికి సంతోషం, నిజమే, అది అదృష్టం ఎలా అయిందో పద్యంలో కనబడలేదు.

కొత్తచిగురు:

మొదటి యాటలోన మూటను గెలిచిన
వాడు పొలము నమ్మి వచ్చు మరల
పేకముక్క మొదట మోసగించినపుడె
ఓడిపోవువాఁడె యోగశాలి

మా ఊళ్ళో పండగ రోజుల్లో పేకాట మొదలుపెట్టి పొలాలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను గురువుగారూ. వాళ్ళందరూ మొదట్లో బాగా గెలిచినవాళ్ళే. తప్పులుంటే చెప్పండి.

అడ్మిన్:
అమ్మా, ఇది చదివి చాలాసేపు మిగతావి చూడలేకపోయాను. తొలి గెలుపే ఉచ్చు, తొలి ఓటమే తప్పించుకునే దారి. సమస్యలోని వైరుధ్యం ఇక్కడ నిజంగా విడింది, ఓడినవాడికి మేలు ఎలా జరిగిందో మెట్టు మెట్టుగా తెలుస్తోంది. మూడో పాదంలో యతి తప్పింది, 'పే'కి 'మో' చెల్లదు. 'వెక్కిరించినపుడె' అంటే ప-వ మైత్రి కుదురుతుంది, గణాలూ మారవు, పైగా ముక్క వెక్కిరించడం మోసగించడం కన్నా బాగుంటుంది. 'పొలము నమ్మి' (పొలమును అమ్మి) దగ్గర కొందరు 'నమ్ముకొని' అనుకోవచ్చు, అయినా మార్చొద్దు, 'వచ్చు మరల' అనేసరికి అర్థం తేలిపోతుంది.

డాలస్ తెలుగు:

నాణె మెగురవేసి నడిరేయి పందాన
చోటు పోయె ననుచు శోకమొందె
తెల్లవారగానె దేహాలు మంచులో
ఓడిపోవువాఁడె యోగశాలి

ఇది జరిగిన కథ. 1959 ఫిబ్రవరి 3, అమెరికాలో అయోవా రాష్ట్రం, క్లియర్ లేక్. పాటల బృందం బస్సులో హీటర్ పనిచేయక చలికి వణికిపోతుంటే రాక్ గాయకుడు బడ్డీ హోలీ ఒక చిన్న విమానం మాట్లాడాడు. గిటారు వాయించే టామీ ఆల్సప్, 17 ఏళ్ళ గాయకుడు రిచీ వాలెన్స్ ఒక్క సీటు కోసం బొమ్మా బొరుసా వేసుకున్నారు. వాలెన్స్ గెలిచాడు. విమానం కూలి పైలట్‌తో సహా నలుగురూ పోయారు. ఆల్సప్ 2017 దాకా బతికాడు.

అడ్మిన్:
'దేహాలు మంచులో' అన్న చోట ఆగిపోయాను, క్రియ లేకపోవడమే దానికి బలం. అయితే సీటు పోయినందుకు 'శోకం' ఎక్కువ, ఆ మాట తెల్లవారిన తర్వాతకి దాచుకోవాలి. 'చోటు పోయె ననుచు చూచె నింగి' అని చూడండి. ఇంకోటి, కింద కథ చెప్పకపోతే విమానం సంగతి పద్యంలో ఎక్కడా లేదు.

గోదారిగట్టు:
నలుగురు చచ్చిపోయిన చోట ఇంకొకడిని యోగశాలి అనడానికి నాకు మనసు ఒప్పడం లేదండీ.

డాలస్ తెలుగు:
నాకూ ఒప్పలేదు, అందుకే రాశాను అన్నగారూ. ఆల్సప్ తర్వాత ఇక్కడే డాలస్‌లో క్లబ్బు పెట్టి దానికి ఆ నాణెం పందెం గుర్తొచ్చేలా పేరు పెట్టుకున్నాడు. మరచిపోదామనుకున్నవాడు అలా పెట్టుకోడు కదా. సవరణ తీసుకుంటున్నాను, విమానం మాట ఎక్కడైనా ఇరికించగలనేమో చూస్తాను.

అక్షరమాల:

పాచికలకు నలుఁడు పట్టము గోల్పోయె
పరుల కొలువు లోన బ్రతుకు నీడ్చె
ఆకులెన్ను విద్య యంతయు నిచ్చెను
ఓడిపోవువాఁడె యోగశాలి

అడ్మిన్:
మూడో పాదానికి దండం. నలుడు సారథిగా కొలువు చేసిన ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్క చెప్పడం, నలుడు రథం ఆపి మరీ లెక్కపెట్టి చూసుకోవడం, పాచికల గుట్టు తెలిపే అక్షహృదయ విద్య చేతికి రాగానే అతన్ని పట్టి పీడించిన కలి వదిలిపోవడం, ఇంత కథ మూడు మాటల్లో ఇమిడింది. ఆ కాలంలో జూదానికి వాడింది కూడా తాండ్రకాయలే, కాబట్టి లెక్క నేర్చుకున్న చెట్టూ ఆడిన పాచికా ఒక్కటే. అతను రాజ్యం తిరిగి గెలిచింది సుడి బాగుండి కాదు, లెక్క తెలిసి. నాకున్న ఒకే పట్టింపు, 'వాఁడె' అన్న సామాన్య వాక్యానికి నలుడి ఒక్కడి కథ నేరుగా అతకలేదు, 'ఇట్లు' లాంటి ముడి ఒకటి కావాలి.

ఈసారి నా ఓటు కొత్తచిగురుకే. వచ్చే వారానికి తేటగీతి:

లక్ష్మి కన్నెఱ్ఱఁ జేసిన లాభమబ్బె