తొలి నిఘా ఉపగ్రహాల కెమెరా అమరికలపై తుది మాట ఎవరిది?

ప్రశ్న

అమెరికా తొలి ఫోటో నిఘా ఉపగ్రహాలైన ‘కరోనా’ శ్రేణి గురించి చదువుతుండగా ఒక సందేహం కలిగింది. కెమెరా, ఫిల్మ్ సీఐఏ బాధ్యతలో ఉండేవని, రాకెట్ ప్రయోగం, కక్ష్యలో ఉపగ్రహ నియంత్రణ, ఫిల్మ్‌తో భూమికి తిరిగి వచ్చే క్యాప్సూల్‌ను గాలిలోనే పట్టుకోవడం వైమానిక దళం పనులని తెలిసింది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ ఎంత ఉండాలి, ఏ ఫిల్టర్ పెట్టాలి, కెమెరా ఎప్పుడు పనిచేయాలి అన్నవి ఎవరు నిర్ణయించాలి? కెమెరా ఎవరిదో వారా, ఆదేశాలు పంపే రేడియో ఎవరి చేతిలో ఉందో వారా? 1961 సెప్టెంబరులో నిఘా ఉపగ్రహాల పనిని ఒకచోట చేర్చే ఎన్‌ఆర్‌ఓ (జాతీయ నిఘా కార్యాలయం) ఏర్పడిన తరువాత కూడా ఈ పేచీ ఎందుకు తీరలేదు?

మొదటి సమాధానం

ముందుగా ఒక సంగతి గమనించాలి. తొలి కరోనా కెమెరాలలో, ఎగిరిన తరువాత మార్చడానికి వీలైనవి చాలా తక్కువ. ఎక్స్‌పోజర్‌ను నిర్ణయించే స్లిట్ (ఫిల్మ్ మీదికి వెలుతురును వదిలే సన్నని చీలిక) వెడల్పు, ఫిల్టర్, ఫిల్మ్ రకం అన్నీ నేల మీదనే ఖాయమయ్యేవి కాబట్టి, వాటి విషయంలో కెమెరాను తయారుచేయించిన సీఐఏ, దాని గుత్తేదార్ల మాటే చెల్లేది. స్లిట్‌నూ ఫిల్టర్‌నూ కక్ష్యలోనే మార్చే సౌకర్యం 1967లో మొదలైన, కరోనాలో చివరి రకమైన కేహెచ్-4బీ శ్రేణిలో కనిపిస్తుంది.

అసలు చిక్కంతా బొమ్మ అలుక్కుపోకుండా చూసే అమరికలో ఉంది. ఉపగ్రహం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో నేల మీదుగా సాగిపోతుంటే, సెకనులో 500వ వంతు ఎక్స్‌పోజర్‌లో కూడా అది దాదాపు 15 మీటర్లు జరిగిపోతుంది. ఆ కదలికను కెమెరా తనంతట తాను సర్దుకోవాలంటే వేగానికీ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి ముందే తెలియాలి. కానీ కక్ష్య దీర్ఘవృత్తం, పైగా ప్రయోగం ఏ కాస్త తేడాగా జరిగినా అనుకున్న ఎత్తు ఉండదు. అసలు ఎత్తు ఎంతో తెలిసేది ఉపగ్రహాన్ని వెన్నాడుతున్న వైమానిక దళ భూకేంద్రాలకే. ఆ లెక్క కెమెరాలో ఏ ఫలితమిస్తుందో తెలిసింది మాత్రం కెమెరా వారికి. నా దృష్టిలో కలహానికి మూలం ఇక్కడే ఉంది: ఒకరి దగ్గర సమాచారం, మరొకరి దగ్గర దాని అర్థం.

రెండవ సమాధానం

పై వివరణ సాంకేతికంగా సరైనదే కానీ, అధికారం పాలు అందులో తక్కువైంది. సోవియట్ భూభాగం మీదుగా వెళ్తున్నప్పుడు ఉపగ్రహాన్ని చూడగలిగే అమెరికా భూకేంద్రం లేదు. కాబట్టి లక్ష్యం పైకి రాగానే ఎవరో మీట నొక్కి కెమెరా తిప్పడం అసాధ్యం. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు ఆపాలో ముందే ఒక కార్యక్రమంగా ఉపగ్రహంలో అమర్చి, భూకేంద్రం మీదుగా వెళ్ళే కొద్ది నిమిషాలలో అందులో చిన్న మార్పులు చేసేవారు. ఆదేశం బయలుదేరేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నియంత్రణ కేంద్రం నుంచి. ఏ ప్రాంతం ముఖ్యమన్నది తేలేది వాషింగ్టన్‌లో.

మేఘాల సమస్య దీనికి తోడైంది. ఫిల్మ్ పరిమితం కావడంతో మబ్బుల మీద వృథా చేసిన ప్రతి అడుగూ నష్టమే. అందుకే వాతావరణ సూచనను బట్టి కార్యక్రమాన్ని మార్చే హక్కు ఎవరి చేతిలో ఉంటే, ఆ యాత్రపై నిజమైన పెత్తనం వారిదే. ఎన్‌ఆర్‌ఓ డైరెక్టర్ బ్రాక్‌వే మెక్‌మిలన్‌కూ, సీఐఏ సాంకేతిక విభాగాధిపతి ఆల్బర్ట్ వీలన్‌కూ 1963 తరువాత పడకపోవడానికి వ్యక్తిత్వాలు కొంత కారణం కావచ్చు గానీ, పై ప్రశ్నకు స్పష్టమైన జవాబు కాగితం మీద లేకపోవడమే పెద్ద కారణమని నేను భావిస్తాను. 1965 ఆగస్టులో కుదిరిన కొత్త ఒప్పందం కార్యనిర్వాహక సంఘం ఒకటి ఏర్పరచి, తగవును పై స్థాయికి చేర్చింది.

మూడవ సమాధానం

ఒక చిన్న చేర్పు. ఇదే ప్రశ్న అంతకు ముందే వైమానిక దళపు మరో నిఘా ఉపగ్రహ కార్యక్రమమైన సామోస్ విషయంలోనూ వచ్చింది. అణు బాంబర్లను నడిపే వైమానిక దళ విభాగమైన వ్యూహాత్మక వైమానిక కమాండ్ దానిని తానే నడపాలని ఆశించగా, 1960 ఆగస్టు 25న అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ సమక్షంలో జరిగిన సమావేశం తరువాత ఆ కార్యక్రమం సైనిక అధికార శ్రేణిని దాటి నేరుగా వైమానిక దళ పౌర నాయకత్వం కిందికి వెళ్ళింది. ఇక తరువాతి నిఘా ఉపగ్రహమైన గ్యాంబిట్‌లో కెమెరా, దానిని మోసే వాహనం రెండూ వైమానిక దళం వైపే ఉండడంతో అలాంటి రగడ అంతగా కనిపించదు. అయితే కరోనా స్థానంలో వచ్చిన హెక్సగాన్‌లో కెమెరా సీఐఏకు, వాహనం వైమానిక దళానికి అంటూ పంపకం మళ్ళీ మొదటికి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సంగతి మిగిలింది: ఎక్స్‌పోజర్ తప్పితే డెవలప్ చేసేటప్పుడు సరిదిద్దలేరా? సరిదిద్దగలిగితే దానిపై అంత పట్టుదల ఎందుకు?

మొదటి సమాధానమిచ్చినవారు

కొంతవరకు సరిదిద్దవచ్చు, ఫిల్మ్‌ను ఎక్కువగానో తక్కువగానో డెవలప్ చేసి వెలుతురు తేడాను కొంత పూడ్చగలరు. కానీ ఉత్తర ప్రాంతాలలో శీతకాలపు వాలు ఎండ, దాని పక్కనే మెరిసే మంచు ఒకే ఫిల్మ్ చుట్టలో వచ్చినప్పుడు ఒకదానికి మేలు చేసేది రెండవదానికి చేటవుతుంది. అలుక్కుపోయిన బొమ్మకు మాత్రం ఏ రసాయనమూ పనికిరాదు, అందుకే ఎత్తు లెక్కపై పట్టుదల ఎక్కువగా ఉండేది.