ఎన్‌జీసీ 3621లో నియాన్ గీత కనబడటం లేదు, అర్జెంట్

చుక్కలరాత్రి:
మధ్యాహ్నం నుంచి దీంతోనే కుస్తీ, బుర్ర వేడెక్కిపోయింది. ఎన్‌జీసీ 3621 గెలాక్సీకి నడిమధ్య ఉబ్బు లేకపోయినా లోపల చురుకైన బ్లాక్ హోల్ ఉందని 2007లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ డేటాతో పట్టారు కదా. అదే స్పెక్ట్రమ్ దించుకున్నాను. 14.32 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర నియాన్-5 గీత (నాలుగు ఎలక్ట్రాన్లు ఊడిన నియాన్ వెలుగు) ఉండాలి. ఏమీ లేదు! ఆ చుట్టుపక్కల గుట్టలాంటిదేదో ఉంది, అంతే. ప్రాజెక్టు గడువు టెన్షన్ ఒకటి.

డిస్క్‌ప్రియ:
ముందు ఆ "ఉబ్బు లేదు" అనేది తేల్చుకోండి. గెలాక్సీలు ఢీకొని కలిసినప్పుడు పుట్టే ఉబ్బు వేరు, డిస్క్‌లోని సరుకే మెల్లగా లోపలికి చేరి పోగుపడే సూడోబల్జ్ వేరు. రెండూ లేకుండా బ్లాక్ హోల్ పెరిగితేనే విశేషం. ఉబ్బు లేని ఎం33 గెలాక్సీలో బ్లాక్ హోల్ ఉన్నా దాని బరువు సూర్యుడికి 1500 రెట్లు మించదని 2001లోనే తేల్చారు.

కాంతిగీత:
స్పెక్ట్రమ్ తీసిన పరికరంలో ఏ మాడ్యూల్ (ఏ భాగం)?

చుక్కలరాత్రి:
స్పిట్జర్ అని చెప్పానుగా. ఐఆర్‌ఎస్, దాని పరారుణ స్పెక్ట్రోగ్రాఫ్.

కాంతిగీత:
అందులో నాలుగు మాడ్యూళ్లున్నాయి. రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరమవడం వల్ల గీత పక్కకి జరగడం) సవరించారా?

ధూళిమేఘం:
అసలు నియాన్-5 ఎందుకో తెలుసా? నియాన్ నాలుగో ఎలక్ట్రాన్ ఊడాలంటే 97 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మామూలు వేడి నక్షత్రాలు 54 దాటాక దాదాపు చేతులెత్తేస్తాయి, అందుకే ఈ గీత బ్లాక్ హోల్‌కి గుర్తు. కంటికి కనిపించే కాంతిలో కొత్త నక్షత్రాల వెలుగు, ధూళి కలిసి బ్లాక్ హోల్ జాడను మింగేస్తాయి. పరారుణం ధూళిని దాటుకుని వస్తుంది. ఎక్స్-కిరణాలు ఒక్కటే చాలవు, జంట నక్షత్రాలు కూడా వాటిని వెదజల్లుతాయి.

డిస్క్‌ప్రియ:
ఎన్‌జీసీ 4395 గెలాక్సీ సంగతేంటి? అక్కడ మామూలు కాంతిలోనే 1989లో బ్లాక్ హోల్ జాడ దొరికింది.

ధూళిమేఘం:
అది దాక్కున్నది కాదండీ. ఇక్కడ మాట్లాడుతున్నది దాక్కున్న వాటి గురించి.

డిస్క్‌ప్రియ:
ఉబ్బు లేనిదే కదా అదీ!

చుక్కలరాత్రి:
ఫైల్ పేరులో ఎస్‌ఎల్ అని ఉంది. రెడ్‌షిఫ్టా? 2 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి కూడా చూడాలా?

కాంతిగీత:
చూడాలి. సెకనుకు సుమారు 730 కి.మీ. వేగంతో దూరమవుతోంది, గీత 14.36 దగ్గరికి జరుగుతుంది. ఎస్‌ఎల్ అంటే లో-రిజల్యూషన్ మాడ్యూల్, పైగా 14.5 దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న క్లోరిన్ గీత, పీఏహెచ్ (కర్బన అణువుల) గుట్ట అన్నీ కలగాపులగం. హై-రిజల్యూషన్ మాడ్యూల్ ఎస్‌హెచ్ తీసుకోండి. 24.3 మైక్రాన్ల దగ్గరుండే రెండో నియాన్-5 గీతకి ఎల్‌హెచ్.

డిస్క్‌ప్రియ:
సూడోబల్జ్ ఉందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ధూళిమేఘం:
మధ్యలో నక్షత్ర గుచ్ఛం ఉంది. దాన్నీ ఉబ్బు అంటారా ఏంటి?

డిస్క్‌ప్రియ:
నేనలా అన్నానా?

చుక్కలరాత్రి:
ఎస్‌హెచ్‌లో ఉంది, సన్నగా. థాంక్స్. 24.3 రేపు చూస్తా.