డీజిల్ పొగను విద్యుదావేశంతో పట్టాలనుకున్నాను: ఇరవై నిమిషాల తర్వాత ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మిర్చిగోదాం

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర మా కుటుంబానికి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. కరెంటు పోయినప్పుడు అమ్మోనియా కంప్రెసర్లను నడపడానికి 125 కేవీఏ పాత డీజిల్ జనరేటర్ వాడుతున్నాము. ఒకప్పుడు చుట్టూ పొలాలే ఉండేవి, ఇప్పుడు వెనుక గోడను ఆనుకుని ఇళ్లు వచ్చాయి. జనరేటర్ వేసిన ప్రతిసారీ మేడ మీద ఆరేసిన బట్టలపై మసి రాలుతోందని ఆ ఇళ్లవారు చెబుతున్నారు. నేను స్వయంగా వెళ్లి చూశాను, వారు చెప్పింది నిజమే.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. థర్మల్ కేంద్రాల్లో బూడిద రేణువులకు విద్యుదావేశం ఇచ్చి, లోహపు ప్లేటు వైపు లాగి పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ సూత్రాన్నే దీనికీ వాడవచ్చేమోనని, ముందుగా 553 సీసీ సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజిన్‌పై ప్రయోగం చేశాను. 15 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల పొడవు గల ఇనుప గొట్టానికి ఎర్తింగ్ ఇచ్చి, దాని నడిమధ్యన అర మిల్లీమీటరు స్టీలు తీగను రెండు పింగాణీ ఇన్సులేటర్ల మీద బిగించి, తీగకు 15 కిలోవోల్టుల రుణ (నెగటివ్) డీసీ ఇచ్చాను. గొట్టం చివర తెల్ల పంచె ముక్క పట్టి చూస్తే, వోల్టేజి లేనప్పుడు ఒక్క నిమిషంలో నల్లబడిన గుడ్డ, వోల్టేజి ఉన్నప్పుడు లేత బూడిద రంగుకు మించలేదు.

అయితే ఇరవై నిమిషాలు గడిచాక లోపల చిటపటలు మొదలయ్యాయి, వోల్టేజి పడిపోయింది, గోరంత నల్లటి రేకులు ఎగిరివచ్చి గుడ్డ మీద పడ్డాయి. విప్పి చూస్తే గోడకు మసి నాచులా మెత్తగా పేరుకుని ఉంది, వేలు తగిలిస్తే చాలు పొరలుగా ఊడిపోతోంది. ఇన్సులేటర్ల మీద కూడా నల్లటి పూత ఉంది. ఇక్కడ నేను చేసిన తప్పు ఏమిటి? దీన్నే పెద్దదిగా కట్టి జనరేటర్‌కు పెట్టవచ్చునా?

సమాధానం 1: పాతహాపర్

బాబూ, నేను థర్మల్ కేంద్రంలో ప్రెసిపిటేటర్ల మెయింటెనెన్స్‌లోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. మీరు రాసిన లక్షణాలను బట్టి అక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది ఇన్సులేటర్. మసి అంటే కార్బన్, దానిలో విద్యుత్తు ప్రవహిస్తుంది. పింగాణీ మీద సన్నని పూత ఏర్పడినా తీగ నుంచి గొట్టానికి దారి దొరికినట్లే, మీరు విన్న చిటపటలూ వోల్టేజి పడిపోవడమూ అందువల్లనే. మా దగ్గర బూడిదకే భయపడి ఇన్సులేటర్లను పొగ దారికి దూరంగా వేరే పెట్టెలో ఉంచి, తేమ పట్టకుండా హీటర్లు పెట్టి, శుభ్రమైన గాలిని ఊదుతూ ఉండేవాళ్లం. మీరు కూడా వాటిని పొగ దారిలో నుంచి తప్పించి, పక్కకు తీసిన చిన్న గొట్టాల్లో బిగించి, చిన్న బ్లోయర్‌తో వేడి గాలిని లోపలికి పంపండి.

రెండవది అంత తేలికగా తీరేది కాదు. బొగ్గు బూడిదతో మాకున్న కష్టం దీనికి పూర్తిగా తలకిందులు. మన బొగ్గులో గంధకం తక్కువ కావడంతో బూడిద విద్యుత్ నిరోధకత చాలా ఎక్కువగా ఉంటుంది. ప్లేటు మీద పడిన బూడిద తన ఆవేశాన్ని వదలక గట్టిగా అంటుకుంటుంది, సుత్తులతో ర్యాపింగ్ చేస్తే (ప్లేటును కొట్టి అదిలిస్తే) తప్ప కింద ఉండే గరాటు తొట్టి, అంటే హాపర్‌లోకి రాలదు, పొర మందమైతే ప్లేటు వైపు నుంచే ఎదురు కరోనా (గాలిని అయాన్లుగా మార్చే విద్యుత్ ఉత్సర్గం) పుడుతుంది. మసి అలా కాదు. గోడకు తగిలిన క్షణమే తన ఆవేశాన్ని గోడకు అప్పగించి, గోడ ఆవేశాన్నే పుచ్చుకుంటుంది, అప్పుడు గోడే దాన్ని వెనక్కు నెడుతుంది. రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి అంటుకునే గుణం వల్ల కాసేపు నిలిచి, పొర పెరిగాక రేకులుగా ఊడి గాలిలో కలుస్తుంది. సాధారణంగా 10 వేల ఓం-సెంటీమీటర్ల కంటే తక్కువ నిరోధకత ఉన్న ధూళి అంతా ఇలాగే ప్రవర్తిస్తుంది. పట్టడం మీకు చేతనైంది, పట్టినదాన్ని నిలిపి ఉంచడమే ఇక మిగిలిన పని.

ఒక మంచి విషయం కూడా ఉంది. లోపలికి వెళ్లినది కంటికి ఆనని రేణువు, బయటకు వచ్చినది గోరంత రేకు. ఆ రేకును ఒక మామూలు సైక్లోన్ (పొగను సుడి తిప్పి, బరువైన రేణువులను కిందికి రాల్చే పరికరం) కూడా పట్టగలదు. కనుక మీ గొట్టాన్ని రేణువులను పెద్దవిగా చేసే యంత్రమనుకుని, దాని వెనుక సైక్లోన్ పెట్టి చూడండి. ఇంకొక మార్గం గోడ మీద నిరంతరం నీటి పొర జారేలా చేయడం, కానీ ఆ నల్లటి ఆమ్లపు నీటిని ఎక్కడ పారబోస్తారన్నది మరో సమస్య.

ఈ పనిలో తొలిసారి దెబ్బతిన్నవారు మీరు కారు. 1885 ప్రాంతంలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ వేల్స్‌లోని బాగిల్ట్ సీసపు కర్మాగారంలో ఇదే ప్రయత్నం చేసినప్పుడు స్థిర విద్యుత్తు పుట్టించే విమ్స్‌హర్స్ట్ యంత్రాలు ఆ పొగకు చాలలేదు. ఇరవై ఏళ్లు దాటాక కాలిఫోర్నియాలో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలపై దీన్ని నెగ్గించి, 1908లో పేటెంటు పొందారు.

చివరగా ఒక మాట. స్విచ్ ఆపిన వెంటనే తీగను ముట్టుకోవద్దు. ఎర్తింగ్ రాడ్‌తో తాకించి, ఆవేశమంతా పోయిందని నిర్ధారించుకున్న తర్వాతే చేయి పెట్టండి. మేమెవ్వరమూ ఈ నియమాన్ని ఏనాడూ మీరలేదు.

సమాధానం 2: సూక్ష్మరేణువు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, పెద్దదిగా కట్టడం గురించి కొన్ని లెక్కలు చెబుతాను. నా పరిశోధన గాలిలోని సూక్ష్మరేణువుల మీదనే.

డీజిల్ మసిలో ఎక్కువ రేణువులు 100 నానోమీటర్ల పరిసరాల్లో ఉంటాయి. ఆ పరిమాణంలో రేణువు మోయగల ఆవేశం కొద్ది ఎలక్ట్రాన్లే కనుక, మీ గొట్టంలోని క్షేత్రానికి అది గోడ వైపు సెకనుకు సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే జరుగుతుందని అనుకుందాం. మీ ఇంజిన్ 1500 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 415 లీటర్ల గాలి పీలుస్తుంది, వేడికి వ్యాకోచించాక అది సెకనుకు 11 లీటర్ల పొగ అవుతుంది. పొగ గొట్టంలో దాదాపు రెండు సెకన్లు ఉంటుంది. డాయిష్ సూత్రం (గోడ వైశాల్యం, పొగ ప్రవాహం, రేణువు వేగాలను బట్టి ఎంత పట్టుబడుతుందో చెప్పేది) ప్రకారం లెక్కిస్తే నాలుగింట మూడు వంతులకు కొంచెం పైగా మసి పట్టుబడాలి, మీ గుడ్డ చెప్పినదీ ఇంచుమించు అదే.

ఇప్పుడు మీ 125 కేవీఏ జనరేటర్ చూడండి. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) ఉన్న ఆరు లీటర్ల ఇంజిన్ అనుకుంటే, పూర్తి లోడు మీద వేడి పొగ సెకనుకు సుమారు 370 లీటర్లు వస్తుంది. అదే గొట్టం పెడితే 5 శాతం కూడా పట్టదు. అదే ఫలితం కావాలంటే అలాంటి గొట్టాలు సుమారు 34 పక్కపక్కన పెట్టాలి, 95 శాతం కావాలంటే సుమారు 37 చదరపు మీటర్ల గోడ వైశాల్యం కావాలి. పైగా పొగ వేడెక్కేకొద్దీ దాని సాంద్రత తగ్గి, తక్కువ వోల్టేజికే స్పార్క్ వస్తుంది.

స్థలం పుష్కలంగా ఉన్న చోట ఇది చక్కగా పని చేస్తుంది. 24.5 కిలోమీటర్ల పొడవున్న నార్వేలోని లేర్‌డాల్ సొరంగంలో గాలిని శుభ్రం చేయడానికి ఇదే పద్ధతి వాడారు. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, మసి పలచగా ఉంటుంది.

మరొక పరిమితిని కూడా మీ పొరుగువారికి ముందే చెప్పాలి: ఈ గొట్టం రేణువులనే పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఘాటైన వాసన దానిలో నుంచి అలాగే వెళ్లిపోతాయి. కరోనా వల్ల కొంత ఓజోన్ కొత్తగా పుడుతుంది కూడా. డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా 2012లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. కనుక గుడ్డ తెల్లగా ఉన్నంత మాత్రాన పొగ నిరపాయకరమైందని అనుకోవద్దు.

సమాధానం 3: నాజిల్‌సెట్టింగ్

నేను జనరేటర్ల సర్వీసు చేస్తాను. మసిని పట్టే ఆలోచనకు ముందు, మసి ఎందుకు పుడుతోందో చూడమని నా విన్నపం. కోల్డ్ స్టోరేజీల్లో నేను తరచుగా చూసేది ఒకటుంది: కరెంటు పోగానే జనరేటర్ వేసి, కంప్రెసర్లన్నిటినీ ఒక్కసారే ఎక్కిస్తారు. డీజిల్ ఒక్కసారిగా ఎక్కువ పడుతుంది, టర్బో వేగం అందుకునేలోగా గాలి చాలదు, అప్పుడే నల్లటి మేఘం లేస్తుంది. ఒక్కో కంప్రెసర్‌ను ఒకటి రెండు నిమిషాల తేడాతో, సాఫ్ట్ స్టార్టర్‌తో (మోటారును నెమ్మదిగా వేగం అందుకునేలా చేసే పరికరంతో) ఎక్కించండి. డీజిల్ చిమ్మే నాజిళ్లను టెస్ట్ బెంచ్ మీద చూపించండి, ఎయిర్ ఫిల్టర్ మార్చండి.

పొగ గొట్టం ఎత్తు కూడా కొలవండి. భవనం ఎత్తుకు, కేవీఏ వర్గమూలంలో అయిదో వంతు మీటర్లు కలపాలన్నది కాలుష్య నియంత్రణ మండలి నియమం. 125 కేవీఏకు అది భవనం పైన సుమారు రెండుంపావు మీటర్లు. ఆ తర్వాతా మసి మిగిలితే, పాత జనరేటర్లకు బిగించే పరికరాలు ఉన్నాయి, అవి కనీసం 70 శాతం రేణువులను పట్టాలన్నది ప్రమాణం. ఏది పెట్టినా ఇంజిన్ మీద బ్యాక్ ప్రెషర్ (పొగ దారిలోని అడ్డు వల్ల వెనక్కు పడే ఒత్తిడి) కంపెనీ చెప్పిన పరిమితి దాటకూడదు. ఈ ఒక్క విషయంలో మీ గొట్టానిదే పైచేయి, దానిలో పొగకు అడ్డు ఏమీ లేదు.

మిర్చిగోదాం

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న మా పొగ గొట్టం కొలిచాము, పైకప్పు కంటే ఒక్క మీటరే ఎత్తు ఉంది. దాన్ని పెంచే పని వెల్డర్‌కు అప్పగించాము. కంప్రెసర్లను రెండు నిమిషాల తేడాతో ఎక్కించి చూస్తే మొదటి నల్లటి మేఘం సగానికి పైగా తగ్గింది. ప్రాజెక్టును మాత్రం వదలను: ఇన్సులేటర్లను పక్క గొట్టాల్లోకి మార్చి, వెనుక సైక్లోన్ పెట్టి, చిన్న ఇంజిన్ మీదనే రెండు గంటలు నడిపి, సైక్లోన్‌లో పడిన మసిని తూకం వేస్తాను. పాతహాపర్ గారూ, సైక్లోన్‌లో చేరిన మసి మళ్లీ లేవకుండా అడుగున ఎలాంటి మూత పెట్టమంటారు?

పాతహాపర్

అడుగున గాలి చొరబడని డబ్బా బిగించండి, సైక్లోన్ మసిని పట్టకపోవడానికి ఎక్కువసార్లు కారణం కింది నుంచి లోపలికి వచ్చే గాలే. డబ్బా మూడో వంతు నిండగానే, ఇంజిన్ ఆపి, ఖాళీ చేయండి. ఆ మసిని తీసేటప్పుడు మాస్కు తప్పనిసరిగా పెట్టుకోండి. తూకం లెక్కలు వచ్చాక ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.