థెరపీ సెంటర్ అమ్మలంతా నెలకోసారి కూర్చుందాం అంటున్నారు, వెళ్లమంటారా?

తెనాలి అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లి స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పించేది) చేయిస్తున్నాం. లోపల వాడికి క్లాసు జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద అమ్మలం ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ కూర్చుంటాం. ఈమధ్య అందులో ఒకావిడ, నెలకో ఆదివారం ఎవరింట్లోనైనా కలిసి మాట్లాడుకుందాం అన్నారు. మిగతావాళ్లు సరే అన్నారు. నేనే ఇంకా ఏమీ చెప్పలేదు.

మావారేమో "మన ఇంటి సంగతులు పదిమందిలో ఎందుకు, ఏడవడానికి అంత దూరం వెళ్లాలా" అంటున్నారు. అత్తయ్య అయితే వాళ్ల అబ్బాయికీ నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదట, నేనే పిల్లాడికి లేనిపోని జబ్బు అంటగడుతున్నానట. పోయిన నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో డీజే సౌండుకి వాడు చెవులు మూసుకుని కింద పడి దొర్లాడు. అన్నం కూడా తినకుండా వచ్చేశాం. అప్పటినుంచి ఎవరు పిలిచినా వాడికి జ్వరం అని చెప్పేస్తున్నాను. రాత్రిళ్లు నిద్ర సరిగ్గా లేదు. వాడి మీద ఊరికే కోపం వస్తోంది, కాసేపటికి నా మీద నాకే కోపం.

నిజంగా అలా కూర్చుంటే తేడా ఉంటుందా? ఏం మాట్లాడుకుంటారు? ఆ రెండు గంటలూ వాడిని ఎవరికి అప్పజెప్పను?

బోయిన్‌పల్లి అక్క:

వెళ్లు చెల్లీ. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది.

మా అమ్మాయికి పదిహేడు నిండాయి, ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ, అంటే బుద్ధి ఎదుగుదల తక్కువ. సికింద్రాబాద్‌లో మాలాంటి వాళ్లం కొందరం ఆదివారాలు ఒక స్కూల్ హాల్లో కలుస్తుంటాం. సంస్థా గింస్థా ఏమీ లేదు, టీ ఫ్లాస్కు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. మీవారు ఏడుపులే ఉంటాయనుకుంటున్నారు కదా. ఉంటాయి, లేవని చెప్పను. కానీ నేను అక్కడ నవ్వినంతగా ఇంకెక్కడా నవ్వను. ఒకావిడ కొడుకు పెళ్లిలో పంతులుగారి చేతిలో కొబ్బరికాయ లాక్కుని పరిగెత్తాడు. ఆ కథ చుట్టాల దగ్గర చెప్తే అయ్యో పాపం అంటారు. మా దగ్గర చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాం, ఆవిడతో సహా.

వాడి మీద కోపం వస్తోందని రాశావు చూడు, ఆ మాట ఇంట్లో అంటే "నువ్వు తల్లివేనా" అంటారు. అక్కడ అంటే పక్కనున్నవాళ్లు "నాకూ" అంటారు. ఆ "నాకూ" కోసమే నేను ఎండల్లో కూడా వెళ్తాను.

అయితే మొదటి రోజే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. మనవాళ్లకి ఎదుటివాళ్ల కష్టం వినగానే సలహా ఆగదు. అందుకని మా దగ్గర చెప్పేవాళ్లు ముందే అంటారు, "ఇది ఊరికే వినండి" అనో, "దీనికేదైనా దారి చెప్పండి" అనో. వినమన్నప్పుడు గోధుమలు మానిపించమనీ ఫలానా గుడిలో నిద్ర చేయమనీ ఎవరూ అనకూడదు. అక్కడ విన్నది బయట ఎత్తకూడదు, మొగుళ్ల దగ్గర కూడా. ఇక అమ్మేవాళ్లు. పొడులు, నూనెలు, స్టెమ్ సెల్ ప్యాకేజీలు పట్టుకుని ఇలాంటి చోటికే వస్తారు, మన ఆశ వాళ్లకి తెలుసు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స చేయొద్దని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అలాంటి మాట ఎత్తినవాళ్లని మర్యాదగా పంపించేయండి.

పిల్లాడిని వదలొద్దు, తీసుకెళ్లు. వంతులవారీగా ఇద్దరు పెద్దవాళ్లు పక్క గదిలో పిల్లల దగ్గర ఉంటే సరిపోతుంది. గేటుకి తాళం పడే ఇల్లు చూసుకోండి, మేడ మీద వద్దు, మన పిల్లల్లో కొందరికి ఎత్తు అంటే భయం ఉండదు.

ఇంకో లాభం. 18 నిండాక అమ్మానాన్నలమైనా మనం వాళ్లకి చట్టప్రకారం గార్డియన్లం కాదని, కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేసుకోవాలని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నాకంటే ముందు ఆ పని చేసుకున్న ఒక పెద్దాయన చెప్పారు. "మా తర్వాత వీళ్ల గతేమిటి" అనే తల్లిదండ్రుల బాధలోంచే కదా 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కిందే నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్, ఏడాదికి లక్ష వరకు, ఆటిజం పిల్లలకీ వర్తిస్తుంది. ఇలాంటి సంఘాలు మనతో మొదలవలేదులే, దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లోనే పరివార్ అని ఒక సమాఖ్య పెట్టుకున్నాయి.

నిద్ర సంగతి మాత్రం గుంపుకి వదలొద్దు. చచ్చిపోవాలనో, పిల్లాడిని ఏదైనా చేసేస్తానేమోననో అనిపిస్తే ఆదివారం దాకా ఆగకు. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

హన్మకొండ నాన్న:

అక్క చెప్పింది కరెక్టే, మీవారి గురించి ఒక మాట. మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పమంటే నోరు పెగలదండి. మా గ్రూపులో మగవాళ్లం చాలాకాలం బయట బండ్ల మీదే కూర్చునేవాళ్లం. ఎవరో 80డీడీ గురించి, అంటే వైకల్యం ఉన్న పిల్లలున్నవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇచ్చే తగ్గింపు గురించి అడిగితే మాటలు మొదలయ్యాయి. (75,000 తగ్గింపు, వైకల్యం తీవ్రమైతే 1,25,000. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్లకే.) ట్యాక్స్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి బాబు రాత్రి ఎందుకు పడుకోడో అన్నదానికి వచ్చింది. కాబట్టి రమ్మని అడగొద్దు. దింపడానికి రమ్మనండి, ఫారాలు నింపే పని ఏదైనా అప్పజెప్పండి. మిగతాది ఆ బండి మీదే జరుగుతుంది.

గాజువాక:

అందరూ మంచే చెప్తున్నారు, నేను మానేసినదాన్ని. మా గ్రూపు వాట్సాప్‌లోకి ఎక్కాక పొద్దున్నే దేవుడి ఫొటోలు, ఆ తర్వాత "మావాడు ఈరోజు ఏ ఫర్ యాపిల్ అన్నాడు" అని వీడియోలు. మా పాపకి ఇప్పటికీ మాటల్లేవు. ఆ వీడియో చూసిన రోజు ఇంట్లో అందరి మీదా అరిచేదాన్ని. వాళ్ల సంతోషాన్ని తప్పుపట్టలేను, అయినా చూడలేను. ఇప్పుడు అందులోంచే ఇద్దరు అమ్మలతో ఫోన్లో మాట్లాడతాను, వాళ్ల పిల్లలకీ మాటల్లేవు. నాకు అది చాలు. మీకు గ్రూపు పడకపోతే మానేయండి, గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు.

బోయిన్‌పల్లి అక్క:

గాజువాక చెల్లి చెప్పింది నిజం. అందుకే మా వాట్సాప్‌లో టైము, చోటు తప్ప ఇంకేమీ పెట్టం. మాటలు రాని పిల్లల అమ్మలు విడిగా కూర్చుంటామన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

తెనాలి అమ్మ:

అందరికీ థాంక్స్. ఆవిడకి వస్తానని మెసేజ్ పెట్టాను. మావారు బండి మీద దింపుతానన్నారు, లోపలికి మాత్రం రారట, చూద్దాం. అత్తయ్యకి గుంటూరులో ఎక్స్‌ట్రా క్లాసు ఉందని చెప్తున్నాను, ఒకరకంగా నిజమే కదా. అక్కా, నిరామయకి ఏమేం కావాలి? వాడికి సదరం (వైకల్యం) సర్టిఫికెట్ వచ్చింది.

బోయిన్‌పల్లి అక్క:

సదరం, ఆధార్, బాబు ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పెట్టుకో. ఇంకేమైనా అడుగుతారేమో నేషనల్ ట్రస్ట్ సైట్లో చూడు. రెండో సెట్ కూడా తీయించు, బెంచీ మీద ఇంకెవరికో ఆ ఫారం సంగతే తెలిసి ఉండదు, చూపించడానికి పనికొస్తుంది.