మేస్త్రి కింద పనిచేసే గర్భిణిని ప్లాంటు ఆపేస్తే అడిగే హక్కు ఉందా?

ఉండికాలువ: మా చెల్లెలు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో పీలింగ్ పనికి, అంటే రొయ్యల పొట్టు తీసే పనికి వెళ్తోంది. ప్లాంటుకి కూలీలని తెచ్చే మేస్త్రి కిందే, రెండేళ్లు దాటింది. మొదటి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. తడి నేల మీద గంటలకొద్దీ నిలబడలేకపోతున్నాను, సెలవు ఎప్పటి నుంచి ఇస్తారని సూపర్‌వైజర్ని అడిగింది. రెండు రోజులకే గేటు దగ్గర ఆపి, నీ పేరు లిస్టులో లేదన్నారు. ప్లాంటువాళ్లు మేస్త్రిని అడగమంటారు, మేస్త్రి ప్లాంటుని అడగమంటాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఏం చెయ్యొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

లంకమేస్త్రి: ఏడాదిలో 240 రోజుల పని ఉందా అండీ? ఉందని కార్మికులే నిరూపించుకోవాలి, సుప్రీంకోర్టే చెప్పింది. అది లేకుండా వెళ్తే తిరుగుడు ఖర్చులు దండగ. సరుకు రాని రోజుల్లో ప్లాంటులో పనే ఉండదు, ఆ రోజులు ఎక్కడ లెక్కలోకొస్తాయి?

పాలకొల్లు_అబ్బాయి: యూట్యూబ్‌లో పెట్టండి, రేపే పిలుస్తారు.

నరసాపురంపిన్ని: 240 రోజుల లెక్క రిట్రెంచ్‌మెంట్‌కి, అంటే పనిలోంచి తీసేస్తే ఇచ్చే పరిహారానికి. కాన్పు డబ్బుకి అడిగేది 80 రోజులు, అదీ కాన్పు తేదీకి ముందు ఏడాదిలో. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో అంతే, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. మొదటి కాన్పు కాబట్టి 26 వారాలు జీతంతో సెలవు. గర్భంతో ఉండగా తీసేసినా ఆ డబ్బు పోదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ (రోజువారీ హాజరు పట్టీ) మీద పనిచేసే ఆడవాళ్లకీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

చెల్లి కూలిలోంచి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోస్తున్నారా, ముందు అది చూడండి. కోస్తుంటే డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, దానికి రోజుల లెక్క వేరు. మేస్త్రి మనుషులైనా ఈఎస్ఐ, పీఎఫ్ కట్టే పూచీ ముందు ప్లాంటుదే.

లంకమేస్త్రి: పిన్నిగారూ, 240 సంగతికి జవాబు చెప్పలేదు. ఉద్యోగం తిరిగి ఇప్పిస్తారా, ఇప్పించలేరా?

నరసాపురంపిన్ని: నేను డబ్బు గురించి చెప్తుంటే మీరు ఉద్యోగం గురించి అడుగుతున్నారు. రెండూ అడగొచ్చు, దారులు వేరు. కాన్పు డబ్బు ఎగ్గొట్టినా, తీసేసినా అప్పీలుకి 60 రోజులే గడువు. ముందు అది చూసుకోవాలి. మీ 240కి వస్తే, నిరూపించాల్సింది కార్మికులే, నిజమే. కానీ మస్టరు, జీతాల రిజిస్టరు తెప్పించమని లేబర్ కోర్టుని అడగొచ్చు. 2005 తీర్పులో సుప్రీంకోర్టు అదీ చెప్పింది.

నాకు ఇదంతా ఎందుకు తెలుసంటే, ఒక ప్రైవేటు స్కూల్లో నన్ను ఏడో నెలలో మానిపించారు. ఇంట్లోవాళ్లు, పోనీలే, ఎలాగూ మానేసేదానివేగా అన్నారు. అప్పట్లో ఈ 60 రోజుల మాట నాకు చెప్పినవాళ్లు లేరు.

ఆక్వారైతు: మీరు చట్టాలు చదువుతున్నారు గానీ, 2025లో అమెరికావాళ్లు సుంకాలు పెంచాక కౌంటు రేట్లు (రొయ్య సైజుని బట్టి మాకిచ్చే ధరలు) ఏమయ్యాయో మాకు తెలుసు. ప్లాంట్ల మీద కేసులు పడితే చివరికి ఆ దెబ్బ తగిలేది చెరువు మీదే.

ఉండికాలువ: సుంకాలు మా చెల్లి పెంచలేదండీ. సెలవు ఎప్పుడని అడిగింది, అంతే.

లంకమేస్త్రి: అడగడం తప్పని నేను అన్నానా? 30 మందిని ఆటోల్లో తీసుకెళ్తాను. అడ్వాన్సులు నా జేబులోంచే ఇస్తాను. ఒకరి కోసం కాగితం పెడితే మిగతా 29 మందినీ గేటు దగ్గరే ఆపుతారు. వాళ్లింట్లో పొయ్యి వెలగొద్దా? మీరు ఫోన్లో టైపు చేసి పడుకుంటారు, పొద్దున్నే నా ఇంటి ముందుకొచ్చేది వాళ్లు.

నరసాపురంపిన్ని: ఇప్పుడు చెప్పారు అసలు మాట. 240 మీద మీకు పట్టింపు లేదు, ప్లాంటుతో పేచీ వస్తుందని భయం. తల ఒక్కింటికి కమిషను తీసుకుంటున్నారుగా, కష్టం వచ్చినరోజు మీ మనుషులు ఎవరి మనుషులు?

లంకమేస్త్రి: కమిషను తీసుకుంటున్నాను, దాచలేదు. అది లేకపోతే ఆ లంకల నుంచి ఆడవాళ్లని పనికి తెచ్చేదెవరు? మీ లేబర్ ఆఫీసరా?

పాలకొల్లు_అబ్బాయి: గొడవలొద్దండీ.

ఉండికాలువ: మేస్త్రిగారూ, మా చెల్లి మీ దగ్గర మనిషి కాదు, వేరే ఊరు. కానీ ఒక్కటి చెప్పండి. ఎవరు ఏ రోజు వచ్చారో మేస్త్రులు పుస్తకంలో రాసుకుంటారుగా?

లంకమేస్త్రి: రాసుకుంటాం. రాసుకోకపోతే వారం చివర డబ్బెలా పంచుతాం?

ఉండికాలువ: మా మేస్త్రి దగ్గరున్న ఆ పుస్తకం చూపిస్తే రోజుల గొడవ తీరిపోతుంది కదా?

లంకమేస్త్రి: చూపించడు. నేనైనా చూపించను. చూపిస్తే నా పని అయిపోతుంది.

నరసాపురంపిన్ని: అడగడానికి మొహమాటపడకు బాబూ, ఇవ్వనంటే కోర్టే తెప్పిస్తుంది. కూలి ఫోన్‌పేలో పడి ఉంటే స్టేట్‌మెంటు తీయించు. డాక్టరు కాగితం, గేటు పాసు దగ్గర పెట్టుకో. ఆపేసిన తేదీ వేసి, ప్లాంటు పేరుతో రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టులో న్యాయ సేవా కమిటీని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. ఇప్పటికి ఎన్నాళ్లయింది?

ఉండికాలువ: రేపటికి 41 రోజులు. ఉత్తరం ఈ రాత్రికే రాస్తాం.